అంతా బాగానే ఉందండీ!

స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒక కొత్త మనిషి కానిస్టేబుళ్లను జీతమెంతని అడుగుతున్నాడు.

కిటికీలోంచి చూసిన హెడ్డుగారికి ఒళ్లు మండింది.

పక్క ఊళ్లో పోలీసులకు జీతాలు ఎక్కువ. ఇక్కడివాళ్లు ఒక్కొక్కరే అటు జారుకుంటున్నారు. మిగిలినవాళ్లతో డ్యూటీలు నడపడం తలకు మించిన పనవుతోంది. ఇప్పుడు ఏకంగా వలవేయడానికి మనిషినే పంపారన్నమాట!

"ఏమడిగాడమ్మా?" అప్పుడే లోపలికొచ్చిన చిన్న కానిస్టేబుల్‌ని నిలదీశారు.

ఎంత గొడవనైనా గొంతు పెంచకుండా సర్దేస్తుందా అమ్మాయి. ఎవరు పోయినా ఆమె పోకూడదని ఆయన ఆరాటం.

"అద్దె పోగా ఏం మిగులుతోంది, ఎంతిస్తే ఇక్కడే ఉంటారు అన్నారు బాబాయ్. రేపు చెబుతానన్నాను."

ఆమె తల దించుకుంది.

"పక్క ఊరి నుంచి నాకు పిలుపొచ్చింది. ఇక్కడ కాస్త పెరిగినా వెళ్లను. నాకు మాత్రం వెళ్లాలనుందా?"

హెడ్డుగారు గబగబా దగ్గరికొచ్చారు.

"పెద్దాఫీసులో ఏదో ఆలోచిస్తున్నారట. ఒక్క నెల ఓపిక పట్టు తల్లీ."

"మీ మాట మీద ఓపిక పడతాను."

వెంటనే హెడ్డుగారు అందర్నీ వరసగా నిలబెట్టారు.

"రేపు వాడేమడిగినా ఒకటే జవాబు. జీతం బ్రహ్మాండం, మాకే లోటూ లేదు. వాడి పప్పులు ఇక్కడ ఉడకవని తెలియాలి!"

"సాక్షులకు కూడా మనమింత బాగా నేర్పం సార్," అన్నాడో కానిస్టేబుల్. అందరూ నవ్వారు.

మర్నాడు వానలో ఆ మనిషి సరాసరి లోపలికే వచ్చాడు. వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి, తలుపు వెనక మేకుకు గొడుగు తగిలించాడు.

'అత్తారిల్లనుకున్నాడు కాబోలు!' హెడ్డుగారు పళ్లు కొరికారు.

"అంతా బాగానే ఉందండీ," అన్నారు కానిస్టేబుళ్లు, ఒకరి తర్వాత ఒకరు.

"మరి ఆ బూటు చిరిగిందే?"

"అచ్చొచ్చిన బూటండీ, వదల్లేక!"

చిన్న కానిస్టేబుల్ కూడా అదే మాట చెప్పింది, నేల చూస్తూ.

అతను హెడ్డుగారి దగ్గరికొచ్చాడు. "మీరైనా నిజం చెప్పండి. ఏ ఇబ్బందీ లేదా?"

అడుగుతున్నట్టు లేదు, బతిమాలుతున్నట్టుంది.

"మావాళ్లు రాజాల్లా ఉన్నారు. ఇక దయచేయండి."

కూర్చోమని కూడా అనలేదు. అతను గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

"చూశారా, తోక ముడిచాడు!" హెడ్డుగారు మీసం దువ్వుకున్నారు.

నెల తిరిగింది. పెద్దాఫీసు నుంచి ఫోనొచ్చింది.

"జీతం చాలట్లేదన్న స్టేషన్లకు పెంచారండీ. పక్క ఊరితో సమానంగా!"

"బతికించారు! మాకెంత?"

"మీకెందుకండీ? మీవాళ్లంతా హాయిగా ఉన్నామన్నారటగా. మా తరఫున జీతాలు కనుక్కోవడానికి వచ్చినాయన అందర్నీ అడిగే వెళ్లారు. ముందే చెబితే లేని కష్టాలు కూడా చెబుతారని, తానెవరో చెప్పకుండా అడగడం ఆయన పద్ధతి."

తర్వాత అవతలివాళ్లు ఆయన గురించి చెప్పింది విని హెడ్డుగారు ఫోను మెల్లగా పెట్టేశారు.

సాయంత్రం చిన్న కానిస్టేబుల్ వచ్చింది. బెల్టు విప్పి తలుపు వెనక అదే మేకుకు తగిలించింది.

"వెళ్లొస్తాను బాబాయ్. మీ తప్పేం లేదు."

ఆయన ఆ మేకు వంక చూశారు. జీతం చాలక ఒకప్పుడు ఆ మేకుకే బెల్టు తగిలించి వెళ్లిపోయిన కానిస్టేబులే ఆ గొడుగాయనని, ఈ స్టేషన్ కోసమే పట్టుబట్టి జీతాలు పోల్చి చూడమని పెద్దాఫీసును ఒప్పించాడని ఆ అమ్మాయికి ఏ ముఖంతో చెబుతారు?