మేరీ ఆడిన అబద్ధం

"జీపు బాంబు దెబ్బ తగిలినోళ్ళకే. రోగాలకూ నొప్పులకూ కాదు. ఎనక్కి పోమ్మా!"

జమ్మలమడుగు చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు దించలేదు. ముందురోజు రెండు పార్టీల వాళ్ళూ బాంబులు విసురుకున్నారు. బస్సులు లేవు, ఆటోలు లేవు. ఉన్నది ఆ ఒక్క పోలీసు జీపే.

మేరీ భుజం మీద ఏడేళ్ళ కూతురు విమల కంటి మీద గుడ్డతో మూలుగుతోంది. పోయినేడు ప్రొద్దుటూరులో ఆ పిల్ల ఎడమ కంటికి నీటికాసుల (గ్లకోమా) ఆపరేషన్ చేశారు. "కన్ను ఎర్రబడినా, చీము పట్టినా ఆ రోజే తీసుకురా. ఆలస్యమైతే చూపు దక్కదు" అని డాక్టరమ్మ అప్పుడే హెచ్చరించింది. ఈరోజు తెల్లారేసరికి రెండూ కనిపించాయి.

టెంటులోంచి హెడ్ కానిస్టేబులు షంషుద్దీన్ బయటికొచ్చాడు. "ఏమైంది పాపకు?"

మేరీ ప్రతి ఆదివారం చర్చిలో పిల్లలకు అబద్ధమాడరాదని పాఠం చెప్పే మనిషి. ఆ పాఠం కాస్తా గాలికి పోయింది.

"బాంబు, సార్."

ఆయన పాప కంటి మీది గుడ్డ ఎత్తి చూశాడు. మళ్ళీ మెల్లగా కప్పాడు. "జీపెక్కు" అన్నాడు.

జీపు ప్రొద్దుటూరు రోడ్డు పట్టింది. షంషుద్దీన్ నోటుబుక్కు తీశాడు.

"బాంబు ఎవురిదమ్మా?"

"తెల్దు సార్."

"యాడ పేలింది?"

"మా... దొడ్లో."

"ఆడ ఇంగెవురూ లేరా?"

"కోడి ఉండె సార్."

"కోడికేం కాలేదా?"

"లేదు సార్. మేస్తాంది."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మేరీ అబద్ధానికి అతుకూ లేదు, బొతుకూ లేదు. ఆయన మాత్రం అన్నీ రాసుకుంటున్నాడు. ఆమె పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. రేపు ఎవరిదైనా పేరు చెప్పమంటే ఏం చెప్పాలి? ఈ సీమలో ఒక పేరు నోరు జారితే ఒక కొంప కూలుతుంది.

ఆసుపత్రిలో పాపను లోపలికి తీసుకుపోయిన డాక్టరమ్మ రెండు గంటల తర్వాత నవ్వుతూ బయటికొచ్చింది.

"మంచి టైముకు తెచ్చినావు మేరీ. చీము లోపలికి దిగలేదు. నాలుగు రోజులు ఈడనే ఉండండి. చూపుకేం ఢోకా లేదు."

మేరీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలోనే తప్పు గుచ్చుకుంది. బెంచీ మీద కూర్చున్న షంషుద్దీన్ దగ్గరికెళ్ళి చేతులు జోడించింది.

"సార్, బాంబూ లేదు, ఏమీ లేదు. అబద్ధమాడినా. ఇంగ కేసు పెట్టుకుంటారో, జైల్లో ఏస్తారో మీ ఇష్టం."

"ఇరవై ఏండ్లుగా బాంబు దెబ్బలు చూస్తాండా. చీము పట్టిన కన్నేదో నాకు తెల్దా? గుడ్డెత్తినప్పుడే తెలిసింది."

"మరి అదంతా యాల రాసుకున్యారు సార్?"

"జీపు ఎందుకు కదిలిందని రేపు పైనోళ్ళు అడుగుతారు గదా" అంటూ ఆయన నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు బాంబు అనకపోయింటే, ఆ అబద్ధం నేనే ఆడాల్సొచ్చేది."