గోడకు తెలియని జవాబు

ఇళ్ల గోడలు మాట్లాడడం నేర్చాక వకుళకు అభిమానుల బెడద తప్పింది. ఆమె రాసిన నల్లమబ్బు రాజ్యం నవలల గురించి ఎవరేమడిగినా, వాళ్ల గోడే ఆమె గొంతుతో జవాబిచ్చేస్తుంది.

ఆ పూట వకుళ బియ్యం కడుగుతుంటే పైవాటా తనూజ వంటింట్లోకి వచ్చింది.

"గోడ మాట నమ్మబుద్ధి కావట్లేదాంటీ. సేనాపతి చండకేతుడు శత్రువులకి కోట తలుపెందుకు తీశాడు?"

"రాకుమారి మీద ప్రేమతో," అంది గోడ, అచ్చం వకుళ గొంతుతో.

వకుళకు ఒళ్లు మండింది. "ఆ మాట నేనెప్పుడు రాశానే?"

"కోటిమంది ఒప్పుకున్న జవాబండీ. మీ అభ్యంతరాన్ని ఒక పాఠకురాలి అభిప్రాయంగా రాసుకుంటాను."

"మరి నిజమేంటాంటీ?" అంది తనూజ.

"తెలీదమ్మా. అంతుపట్టకే అన్ని పుస్తకాలు రాశాను."

"తెలీదన్న జవాబు చెల్లదండీ," అంది గోడ.

"నా ఇంట్లో చెల్లుతుంది." వకుళ కొంగుకు చేయి తుడుచుకుని గోడ స్విచ్ కట్టేసింది.

ఎసరు మరిగే చప్పుడొక్కటే మిగిలింది. తనూజకు అంత నిశ్శబ్దం కొత్త. కాసేపు దిక్కులు చూసి, మెల్లగా నోరు విప్పింది.

"పోనీ... భయపడ్డాడేమో ఆంటీ?"

వకుళ ఆమె ముందుకు పీట జరిపింది.

"కూర్చో. ఎవర్ని చూసి?"