పేర్లు పడేదాకా

"సార్, సినిమా చివర్లో పేర్లు మాత్రం ఆపేయొద్దు సార్."

కాఫీ తాగుతున్న థియేటర్ మేనేజర్ ఢిల్లీబాబు తల తిప్పి చూశాడు.

నలభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా. వెనక బురఖాలో భార్య, ఆమె చేతిలో బట్టల సంచి.

"ఎవురప్పా నువ్వు?"

"సుభాన్ బాషా సార్. నగరి. మరమగ్గం పని. ఈ పులి సినిమాకి ఆర్నెల్లు హైదరాబాదులో పన్జేసినా. చివర్లో పేరేస్తామన్నారు. మా ఇంటామెకు చూపించల్ల."

ఢిల్లీబాబుకు నవ్వొచ్చింది. తిరుపతిలో ఏ టీ బంకు దగ్గర నిలబడినా సినిమాకు పనిచేశామనేవాళ్లు ఇద్దరు తగులుతారు.

"ఏం పని? లైట్లు మోసినావా?"

బాషా తటపటాయించాడు.

"చెప్తే నవ్వతారు సార్. ఊర్లో నవ్వినారు. పేరు పడితే అదే చెప్తాది. నగరిలో పేర్లు రాకముందే ఆపేసినారు. పుత్తూరులోనూ అంతే."

"ఇంకో నెలకు ఫోన్లోనే వస్తాది. అప్పుడు చూపించుకో."

"అందాకా ఈమె నా ఇంట్లో ఉండల్ల గదా సార్!"

ఆయన భార్య హబీబా సంచి కింద పెట్టింది.

"ఆర్నెల్లు ఇంకో కాపురం పెట్టినాడని ఊరంతా అంటా వుండారు సార్. పేరు కనబడితే ఈయనతో నగరికి పోతా. లేదంటే మూడు గంటల బస్సుకి వాణియంబాడికి, మాయమ్మ ఇంటికి పోతా. అంతే."

"సరేలే, చూస్తాంలే" అన్నాడు ఢిల్లీబాబు.

ఆయన చూస్తాంలే అంటే కాదన్నట్టేనని థియేటర్లో ఊడ్చేవాళ్లకు కూడా తెలుసు. బాషాకు తెలియదు.

ఇంటర్వెల్లో సమోసాల దగ్గర జనం రెండుగా చీలిపోయారు. పిల్లల నవలను సినిమాగా తీస్తే పెద్దవాళ్లకే ఎక్కువ పట్టింపు.

"పిల్లోళ్ల కతని మూడు గంటలు లాగినారబ్బా!"

"నీకు పిల్లోళ్ల మనసు లేదు, అందుకే సాగినట్టుండాది."

"ఆ పులేందప్పా, రబ్బరు బొమ్మ మాదిరి!"

"బొమ్మా? అది చూస్తే నా రోమాలు లేచి నిలబడినాయి!"

వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ బాషా మళ్లీ వచ్చాడు.

"సార్, ఆపరేటరుకు చెప్పినారా?"

"చెప్తానన్నా గదప్పా! పో, పోయి కూర్చో."

సినిమా అయింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం లేచారు. తెరమీద పెద్ద పేర్లు మొదలయ్యాయి.

బయట మ్యాట్నీ జనం గేటు మీద పడుతున్నారు. కార్లు రోడ్డు దాకా ఆగిపోయాయి. ట్రాఫిక్ పోలీసు విజిల్ ఆపడం లేదు. ఆదివారం మరి. ఢిల్లీబాబు ఫోన్ తీశాడు.

"సుబ్రమణ్యం, ఆపెయ్."

తెర తెల్లబోయింది.

"సార్! సార్!" బాషా రెండు చేతులూ ఎత్తి ఆపరేటర్ గది వైపు అరిచాడు. "ఇంకా చిన్నోళ్ల పేర్లు రాలేదు సార్!"

ఎవరో నవ్వారు. హబీబా నవ్వలేదు. సంచి తీసుకుని బయటికి నడిచింది.

బాషా పరుగున వచ్చి ఢిల్లీబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"మ్యాట్నీకి రెండు టికెట్లు ఇయ్యండి సార్."

"హౌస్‌ఫుల్."

"సినిమా వద్దు సార్. ఆఖర్లో ఐదు నిమిషాలు. ఆ మూల నిలబడతాం."

"కుదరదప్పా. అడ్డం తప్పుకో."

"చాల్లే, రా" అంది హబీబా గేటు దగ్గర నుంచి. "మూడు చోట్లా నీ పేరొక్కటే తప్పిపోయిందా? ఇంకెన్ని అబద్ధాలు ఆడతావు?"

బాషా ఆ సంచి వెనకే బస్టాండు వైపు నడిచాడు.

మ్యాట్నీ ఇంటర్వెల్లోనూ అదే గొడవ. ఈసారి రాజశ్రీ అనే టీచరుకూ, సుకుమార్ అనే కాలేజీ కుర్రాడికీ.

"నవలంతా పులి ఒక్క మాట మాట్లాడదు. అన్నీ చూపుతోనే చెప్తాది. ఆ చూపును సినిమాలో అట్లే దింపినారు" అంది రాజశ్రీ.

"మేడమ్, అది కంప్యూటర్ చూపు. దాంట్లో మనిషి యాడుండాడు?"

"ప్రాణం లేకుండా అంత చూపు రాదు నాయనా."

"బిర్యానీ పందెం! పేర్లలో తేలిపోతాది. మేనేజర్ సార్, చివరిదాకా వేస్తారా?"

ఢిల్లీబాబు పందెం అంటే చెవి కోసుకుంటాడు. పైగా ఫస్ట్ షోకు ఇంకా చాలా టైముంది.

"వేద్దాంలే, నేనూ చూస్తా" అన్నాడు. ఈసారి నిజంగానే ఆపరేటరుకు ఫోన్ చేశాడు.

పొద్దున ఒక కాపురం కోసం ఆడని పేర్లు సాయంత్రం బిర్యానీ కోసం ఆడాయి.

కంప్యూటర్ వాళ్ల పేర్లు వందల్లో పైకి పోతున్నాయి. సుకుమార్ విజిల్ వేశాడు.

"గెలిచినా మేడమ్!"

పేర్లు అయిపోయాయి. తెర నల్లబడింది. అందరూ లేవబోయారు. అప్పుడు మధ్యలో ఇంకో రెండు వరుసలు వెలిగాయి.

విజిల్ సగంలో ఆగిపోయింది. రాజశ్రీ చప్పట్లు కొట్టింది.

ఢిల్లీబాబు వాటిని రెండుసార్లు చదివాడు. వాచీ చూసుకున్నాడు. ఐదున్నర. వాణియంబాడి బస్సు ఈపాటికి చిత్తూరు కూడా దాటి ఉంటుంది. ఫోన్ చేద్దామంటే నంబరైనా అడగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

తెరమీద ఆ పేరు ఒక్కటే నిలబడి ఉంది: "ఈ పులికి నడకను, దూకుడును, చూపును ఇచ్చిన మనిషి... పులివేషం సుభాన్ బాషా, నగరి."