అరగంటాయన

“వచ్చాడక్కా,” అన్నాడు తమ్ముడు, షట్టరు సందులోంచి చూస్తూ.

అక్క ఆకుల బుట్టను కాలితో బల్ల కిందికి నెట్టింది.

కొట్టు తెరిచి ఇరవై రోజులు. ఇరవై రోజులుగా బోణీ ఆయనదే.

వాళ్లది మామూలు టీకొట్టు కాదు. తమ్ముడు తెల్లవారగానే కొండవాలుకు వెళ్లి అడవి తులసి, నిమ్మగడ్డి, పుదీనా వాసనొచ్చే ఓ అడవి ఆకు కోసుకొస్తాడు. అక్క మరిగించి, వడగట్టి, తేనె కలిపి ఇస్తుంది.

ఎదురుగా మిల్లు. ఎనిమిదింటికి షిఫ్టు. ఏడున్నరకల్లా నలభై మంది కొట్టు ముందుంటారు.

ఈయన మాత్రం ఏడింటికే వస్తాడు. వాసన చూసి ఒక్క కప్పు తాగుతాడు. గడియారం చూసుకుంటూ సరిగ్గా అరగంట కూర్చుంటాడు. లేచి వెళ్లిపోతాడు.

‘అరగంటాయన’ అని పేరు పెట్టాడు తమ్ముడు.

“తనిఖీ ఆఫీసరే, అనుమానం లేదు.”

“నెమ్మదిగా అనరా, వింటాడు. మనకింకా లైసెన్సు రాలేదు.”

“మూయిస్తే మూయించమను. రోజూ ఈ నాన్చుడేంటి? ప్రాణాలు తోడేస్తున్నాడు.”

మూడో రోజునే అడిగాడాయన. “ఆకులెవరు కోస్తారమ్మా? ఒకసారి నాకు చూపిస్తావా?”

“ఇక్కడ లేవండీ, ఇంట్లో ఆరబెట్టాం,” అంది అక్క. బుట్ట ఆమె కాళ్ల దగ్గరే ఉంది.

ఆయన బుట్ట వంక చూశాడు. మళ్లీ అడగలేదు. రావడం మాత్రం మానలేదు.

నిన్నటి వానకు కొండదారి కొట్టుకుపోయింది. ఇవాళ తమ్ముడు వాగు అవతలికి వెళ్లి కోసుకొచ్చాడు.

ఆయన కప్పు అందుకున్నాడు. సగం తాగి ఆగాడు. పెదాలు తడుముకున్నాడు.

“ఇది ఇంకెవరికైనా పోశావా?”

“లేదండీ. మీదే మొదలు.”

“మీరు తాగారా?”

“ఇంకా లేదండీ. ఏమైంది?”

ఆయన లేచాడు. గబగబా బల్ల ఇవతలికొచ్చి, మరుగుతున్న గిన్నెను వట్టి చేతులతో ఎత్తి మురిక్కాలవలో కుమ్మరించాడు.

“అయ్యో! అయ్యో!” అంది అక్క.

తమ్ముడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. “ఏం పోయేకాలమయ్యా నీకు? నోటికాడి కూడు నేలపాలు చేస్తావా?”

“ఎవలూ... తాగొద్దు...” నాలుక తిరగడం లేదు ఆయనకు.

అప్పుడే వస్తున్న మిల్లు వాళ్లలో ఎవరో నవ్వారు. “పొద్దున్నే ఎక్కించినట్టున్నాడు!”

తమ్ముడు ఒక్క తోపు తోశాడు. ఆయన పడ్డాడు. లేచాడు. గోడ పట్టుకుని మలుపు తిరిగాడు.

కాలి ఎర్రబడ్డ ఆ చేతుల్ని అక్క చూసింది. పిలుద్దామనుకుంది. పిలవలేదు.

“పీడ విరగడైంది,” అన్నాడు తమ్ముడు. “కానివ్వక్కా, జనం ఆగారు.”

అక్క స్టవ్ మీద నీళ్లు పెట్టింది. బుట్టలోంచి గుప్పెడు ఆకులు తీసింది. చెయ్యి ఎందుకో ఆగింది.

ఒక ఆకు నలిపి వాసన చూసింది. పుదీనా వాసన లేదు.

నాలుక చివర అంటించి ఉమ్మేసింది. నాలుక జివ్వుమని, మొద్దుబారిపోయింది.

“స్టవ్ ఆపరా!” అని అరిచింది.

ఆమె అప్పటికే రోడ్డు మీద పరిగెడుతోంది.

మలుపు దాటగానే, మూసిన ఓ కొట్టు మెట్ల మీద ఒరిగిపోయి ఉన్నాడాయన. వెనకే వచ్చిన తమ్ముడు ఆయన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

“ఏం తాగాడు?” అడిగాడు డాక్టరు.

“మా ఆకుల టీ,” అన్నాడు తమ్ముడు.

మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు. “గుండె తట్టుకోలేకపోయింది.”

ఆయన భార్య వచ్చేసరికి అక్కాతమ్ముళ్లు వరండాలోనే ఉన్నారు.

అక్క ఆమె కాళ్ల మీద పడింది. “తనిఖీ ఆఫీసరనుకున్నామమ్మా. మా కొట్టు మూయిస్తాడనుకున్నాం.”

ఆమె వంగి లేవదీసింది.

“ఎక్కడ ఆకుల టీకొట్టు పెట్టారని విన్నా ఆయనింతేనమ్మా. అందరికంటే ముందెళ్లి తాగొస్తారు. అరగంట దాకా ఏమీ కాకపోతే ఇంటికొచ్చి అన్నం తింటారు. వద్దంటే వింటేనా!”

“ఎందుకమ్మా అలా?” అడిగాడు తమ్ముడు, తలెత్తకుండా.

“ఇలాంటి కొట్టే మాదీ. మా పాపకప్పుడు ఆరేళ్లు. ఒక్క ఆకు తేడా వచ్చింది, అంతే.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, తలుపు వైపు చూస్తూ మెల్లగా అంది.

“ఆ ఆకు కోసిందీ, కాచి పాప చేతికిచ్చిందీ ఆయనే.”