భుజం తడుముకున్నాడు

గొడవంతా ఒక చిలక దగ్గర వచ్చింది.

భద్రాచలానికి గోదారి అవతల, సారపాకలో కాగితం మిల్లు తనకిచ్చిన క్వార్టరు వరండాలో కూర్చుని యేసుదానం మనవరాలికి బొమ్మరిల్లు కడుతున్నాడు. మామూలు బొమ్మరిల్లు కాదు. రెండువేల ఆరు వరదలో పాడైపోయిన భద్రాచలం ఇంటికి అచ్చు నకలు.

గోడలు మిల్లు అట్టతో లేచాయి. కప్పు కుదిరింది. ఇక మిగిలింది సింగారమే. గోదారి వైపున్న అటక కిటికీ మీద ఎదురెదురుగా రెండు చిలకలు అప్పటికే అతికించాడు, చూరు చుట్టూ పూల అంచు కావాలి.

అసలింటికి ఆ చిలకలు టేకులో చెక్కింది యేసుదానం తండ్రి. అందుకే అవంటే అతనికి ప్రాణం.

అంచులకు వెదురు బద్దలు కావాలని ప్రభుకు ఫోన్ చేశాడు. ప్రభు అతని మేనల్లుడు, వెదురు లారీలు దించే కూలీల మీద సూపర్‌వైజరు.

కాసేపటికి ఒక కూలీ బద్దల కట్ట తెచ్చాడు. నడివయసు మనిషి, చర్ల అవతలి అడవి ఊళ్ల నుంచి వచ్చే కూలీల్లో ఒకడు. ఒంటి మీద తువ్వాలు తప్ప చొక్కా లేదు.

కట్ట దించి పోతాడనుకుంటే పోలేదు. బొమ్మరింటి చుట్టూ తిరిగాడు. వెనకవైపు వంగి, అటక కిటికీ దగ్గర ఆగిపోయాడు.

"అసలింటికి కుడిపక్క చిలక ఇరిగింది కద సార్," అన్నాడు.

యేసుదానం చేతిలో బ్లేడు ఆగింది.

ఆ ఇంటికి వెనక దారి లేదు. గోడ కింద గట్టు, గట్టు కింద గోదారి. ఆ చిలకలు దగ్గరగా కనపడాలంటే గోదారి అటక దాకా రావాలి, చూసేవాడు పడవలో ఉండాలి.

అలా పడవలో వచ్చినవాడి మీదే మూడేళ్లుగా యేసుదానం పళ్లు నూరుతున్నాడు. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే అటక కిటికీ విరగ్గొట్టి ఉంది. బీరువా పగిలి ఉంది. భార్య ఇన్నమ్మ కుట్టుమిషను లేదు. ఆ దిగులుతోనే ఆమె మరుసటేడు పోయిందని అతని నమ్మకం. గోదారి తీసుకుపోయిందంటే సరిపెట్టుకునేవాడే. కానీ గోదారికి బీరువా తాళం పగలగొట్టడం రాదు కదా.

"నువ్వెప్పుడు చూసినవ్?"

"వరదప్పుడు సార్."

"ఆడ నీకేం పని?"

కూలీ ఎడమచెయ్యి తనకు తెలియకుండానే లేచి, తువ్వాలు కిందుగా కుడి భుజాన్ని తడుముకుంది. అక్కడ పాత మచ్చ ఒకటి పొడుగ్గా కనిపించింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. యేసుదానం ఆ సామెతను కళ్లారా చూశాడు. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

పేరడిగాడు. ముత్యాలు అన్నాడు. అతని ముందే ప్రభుకు ఫోన్ కొట్టి, ముత్యాలు అనేవాడు వరదలో ఇళ్లు దోచిన మనిషని, వాణ్ణి ఈ పూటే పనిలోంచి తీసెయ్యమని, మళ్లీ కనపడితే పోలీసులకు అప్పగిస్తానని చెప్పాడు.

పోలీసు మాటకు ముత్యాలు ముఖం పాలిపోయింది. అన్నల పేరు చెప్పి పోలీసులు ఎవర్నైనా పట్టుకుపోయే ఆ అడవి ఊళ్ల వాళ్లకు ఆ మాట ఎంత బరువో వేరే చెప్పాలా? మెట్లు దిగాడు. గేటు దగ్గర మాత్రం వెనక్కి తిరిగాడు.

"ఆ ఇంట్లోల్లు మంచిగున్నరా సార్?"

చేసిందంతా చేసి యోగక్షేమాలు ఒకటి! యేసుదానానికి ఒళ్లు మండి, ముందు గేటు దాటమన్నాడు. ముత్యాలు గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం కూతురు ఫ్లోరెన్స్ దవాఖానాలో డ్యూటీ దిగి, పిల్ల ఆరాధనను స్కూలు నుంచి తీసుకుని వచ్చింది. బొమ్మరింటిని చూసి ఆరాధన గంతులేసింది. ఫ్లోరెన్స్ వెనకవైపు చిలకలను చూసి కళ్లు తుడుచుకుంది.

కిటికీ విరగ్గొట్టిన దొంగ ఇవాళ దొరికాడని తండ్రి చెబితే విన్నది, వాడి పేరు మాత్రం అతను ఎత్తలేదు. విని, మూడేళ్లుగా దాచిన మాట బయటపెట్టింది.

"ఆ కిటికీ ఇరగ్గొట్టింది దొంగలు కాదు నాన్నా. నువ్వు ఈ ఒడ్డున మిల్లుల చిక్కుకపోయినవ్. మేం అటక మీదికి ఎక్కినం. కిటికీ బిగుసుకపోయింది. పడవాయన భుజంతోని గుద్ది గుద్ది ఇరగ్గొట్టిండు, చిలక గూడ పోయింది. ముందు పాపను తీసిండు. మేకు దిగి ఆయన భుజం చీరుకపోతే అమ్మ కొంగు చింపి కట్టింది. ఆ వానల, చీకట్ల మొఖం గూడ కనపడలె."

తాత చెక్కిన చిలకను విరగ్గొట్టినవాణ్ణి యేసుదానం అన్నేసి తిట్లు తిడుతుంటే, ఆ మాట చెప్పడానికి తల్లీకూతుళ్లకు నోరు రాక, ముందు వైపు నుంచే పడవెక్కామని చెప్పి ఊరుకున్నారట. దొంగలు వచ్చింది ఆ తర్వాతేనట.

యేసుదానం లేచి ప్రభుకు ఫోన్ చేసి, ఆ కూలీని వెనక్కి పిలవమన్నాడు.

"నువ్వు చెప్పినంక ఉంచుతనా మామా? అప్పుడే పంపించేసిన. ఏదో లారీ ఎక్కి అడివి దిక్కు పోయిండు," అన్నాడు ప్రభు. ఊరేదో ఎవరూ అడగలేదన్నాడు.

దీపాల వేళకు ప్రార్థనలో కూర్చున్నారు. ఆరాధన కళ్లు మూసుకుని, రోజూ చెప్పే మాటే చెప్పింది.

"ప్రభువా, మమ్మల్ని పడవ ఎక్కించిన మామ పేరు మాకు తెల్వదు. నీకు తెలుసు. ఆయన్ను మంచిగ చూడు."

ఫ్లోరెన్స్ ఆమెన్ అంది.

యేసుదానం అనలేకపోయాడు. ఆ ఇంట్లో ఆ పేరు ఇప్పుడు తెలిసినవాడు తనొక్కడే, ఆ పేరు ఫోన్లో చెప్పి ఇవాళే ఆ మనిషి నోటి దగ్గరి కూడు తీసేశాడు.