మీట

జరీ కండెలకు చుట్టి వచ్చిన పేపరు ముక్కను మోకాలి మీద సాపు చేసుకుని పుట్టమ్మ పైకి చదువుతోంది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే ఆమె మొగుడు గంగాధరప్ప వింటున్నాడు.

"బరువైతే రాకెట్టు మోయలేదని, మన జరీ అంత పలచని రేకు చేస్తాండారంట. చీర మాదిరి చుట్టి పంపితే ఆకాశంలో విచ్చుకుంటాదంట. దానికి ఎండ తగిలితే చాలు, కరెంటు పుడతాదంట. ఉపగ్రహం పని చేస్తానే ఉంటాదంట."

"పొద్దు గూకితే?"

"ఆడ పొద్దు గూకినా శానాసేపు చీకటుండదంట."

గంగాధరప్ప నాడె విసరడం ఆపాడు. "పాపం! మరి నిలిపే మీట యాడుండాది?"

"ఉంటే కింద దొరల కాడ ఉంటాది. దాని చేతికిస్తారా?" పుట్టమ్మ నవ్వింది.

మిద్దె గవాక్షిలోంచి పడే వెలుగు పడుగు మీద నుంచి జారిపోయింది. పోగు కనపడకపోతే ఇక ఆ రోజుకు పని లేనట్టే. గంగాధరప్ప గుంత అంచు పట్టుకుని పైకి లేవబోయాడు.

పని ఇచ్చే సావుకారు ఆ పొద్దునే కట్టించిన కొత్త బల్బు నెత్తిమీద వెలిగింది. ఆ ఇంట్లో కరెంటు దీపం అదే మొదటిది.

ఇద్దరూ నాలుగు గోడలూ చూశారు. మీట లేదు. తీగ గోడ కన్నంలోంచి పక్కనున్న సావుకారు ఇంట్లోకి పోయింది.

"దానికి నిద్ర ఎప్పుడని రాసినారో ఆ పేపర్లో చూడమే" అంటూ గంగాధరప్ప మళ్లీ గుంతలోకి కాళ్లు దించాడు.