హామ్‌స్టర్ మాట

"ఆ మడి దున్నించెయ్ అన్నానుగా. మళ్లీ సెలవడగడానికి పిలిచావా?" అన్నాడు విత్తన కేంద్రం పెద్ద వ్లాస్తిమిల్, మొరావియా ఎండలో బార్లీ కంకులు తోసుకుంటూ వచ్చి.

"మీరే చూడండి సార్," అంది అక్కడి పరిశోధకురాలు బోహ్దానా.

ఏళ్ల తరబడి ఆమె గింజల్ని మరలో నలిపి, ఏవి ఎంత గట్టివో కొలుస్తోంది. మెత్తని గింజే మొలకెత్తించి ఎండబెడితే మంచి మాల్ట్ అవుతుందని, మంచి బీరు దానితోనే వస్తుందని ఆమె వాదన. ఈ మడిలోది అన్నిటికన్నా మెత్తని రకం. మర చెబితే బీరవుతుందా అని ఆయన కొట్టిపారేశాడు.

ఇప్పుడు ఆ మడిలో సగం కంకులు మాయం. పక్క మడుల్లో ఒక్క గింజా పోలేదు. మధ్యలో ఎలుకలాంటి ఓ హామ్‌స్టర్, గింజలు కుక్కుకున్న బుగ్గలు భుజాల దాకా ఉబ్బి, వాళ్లకేసి చూస్తోంది.

వ్లాస్తిమిల్ టోపీ తీశాడు.

"ఇన్ని రకాలుండగా దీన్నే ఏరుకుందా?"

"నేనూ ఇన్నాళ్లుగా చెబుతున్నది అదేగా."

"నువ్వు చెప్పడం వేరు. దానికి అనుభవం ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ రకాన్నే ఉంచుదాం. మిగిలిన కంకులకు వల కప్పించు. దాన్ని మాత్రం బెదరగొట్టకు."

బోహ్దానా హామ్‌స్టర్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అయ్యా, సార్ ఎలాగూ మీ మాటే వింటున్నారు. నా సెలవు సంగతి కూడా కాస్త ఆయన చెవిన వెయ్యండి."